సోమవారం చెప్పింది శుక్రవారానికి ఎంత మిగులుతుంది?

(ప్రాథమికోన్నత తరగతుల ఉపాధ్యాయుల సమావేశంలో చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసి పెట్టాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకు వినిపిస్తోందా? వినిపించకపోతే చెయ్యి ఎత్తండి, మన పిల్లల్లాగే. వినిపించకపోయినా ఎత్తకుండా కూర్చోకండి, అది కూడా మన పిల్లల్లాగే.

నాకు ఇచ్చిన అంశం తరగతి గదిలో ఒక వారం. ఇందులో చెప్పడానికి ఏముంది అనిపిస్తుంది. టైంటేబుల్ గోడ మీద ఉండనే ఉంది. కానీ ఒక ప్రశ్న అడుగుతాను. ఆ వారం మొత్తాన్ని చూసేది ఎవరు? లెక్కల టీచర్ చూస్తారా? ఆవిడ తన పీరియడ్లు చూస్తారు. సైన్సు టీచర్ తన పీరియడ్లు చూస్తారు. ప్రధానోపాధ్యాయులు రిజిస్టర్లు చూస్తారు. నవ్వకండి, నిజమే కదా! మరి వారం మొత్తం, మొదటి గంట నుంచి చివరి గంట దాకా చూసేది ఎవరు? ఆ పదకొండేళ్ల పిల్ల. ఆ పిల్ల ఒక్కతే.

కింది తరగతుల్లో ఇలా ఉండదు. ఒకే టీచర్ పొద్దున లెక్కలు చెబుతారు, మధ్యాహ్నం అదే పిల్ల బొమ్మ వేస్తుంటే చూస్తారు. పొద్దున ఎక్కడ తడబడిందో ఆవిడకు గుర్తుంటుంది. ఆరో తరగతికి వచ్చేసరికి సబ్జెక్టుకో టీచర్. విషయ పరిజ్ఞానం పెరిగింది, మంచిదే. కానీ పిల్ల ముక్కలైపోయింది. లెక్కల్లో ఒక ముక్క, భాషలో ఒక ముక్క. వాటిని కలిపి చూసే కన్ను మన దగ్గర లేదు. అందుకని మనం ఏం చేస్తాం? ప్రతి పీరియడ్ చివర "అర్థమైందా?" అని అడుగుతాం. "అర్థమైంది టీచర్" అంటారు. అందరూ కలిసి, ఒకే రాగంలో. మనం బోర్డు తుడిచేసి బయటికి వస్తాం.

ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. పీరియడ్ చివర పిల్ల చెప్పిన జవాబును పిల్ల నేర్చుకున్నదనడానికి రుజువుగా తీసుకోవద్దు. నాలుగు రోజులు గడిచాక, వేరే టీచర్ ముందు, ఎవరూ గుర్తు చేయకుండా చెప్పే జవాబును తీసుకోండి. అందుకే కొలత పీరియడ్‌తో కుదరదు, వారంతో కుదురుతుంది. ఇది గాలిలో మాటగా ఉండకుండా, ఒక వారాన్ని పట్టుకుని నడుద్దాం.

సోమవారం, లెక్కల పీరియడ్. దశాంశ భిన్నాలు. బోర్డు మీద రెండు సంఖ్యలు రాశారు: 0.45, 0.5. ఏది పెద్దది? కొందరు 0.45 అంటారు. ఎందుకమ్మా అంటే, "ఐదు కన్నా నలభై ఐదు పెద్దది కదా టీచర్" అంటారు. ఇది మనందరికీ తెలిసిన పొరపాటే. బిందువు తర్వాత ఉన్నదాన్ని వాళ్లు ఇంకో పూర్ణసంఖ్యలా చదువుతున్నారు. సరే, వాళ్లకు మళ్లీ చెబుతాం. మిగతావాళ్లు 0.5 అన్నారు. సరైన జవాబు. వాళ్ల గురించి బెంగ లేదు. ముందుకు పోదామా?

పోవద్దు. ఇక్కడే ఆగాలి. 0.5 అన్నవాళ్లను ఎందుకని అడిగారా? అడగలేదు. తప్పు చెప్పినవాళ్లను ఎందుకని అడుగుతాం గానీ, సరిగ్గా చెప్పినవాళ్లను అడగడం మనకు అలవాటు లేదు. అడిగి చూడండి. ఒక అబ్బాయి లేచి ఇలా అంటాడు: "0.5లో ఉన్నవి పదో వంతులు టీచర్. 0.45లో ఉన్నవి వందో వంతులు. వందో వంతు పదో వంతు కన్నా చిన్నది. కాబట్టి 0.45 చిన్నది." ఎంత బాగుంది! భుజం తట్టాలనిపిస్తుంది. తట్టకండి. అదే అబ్బాయికి ఇంకో జత ఇవ్వండి: 0.45, 0.3. ఇప్పుడేమంటాడు? "0.3 పెద్దది టీచర్" అంటాడు. అదే కారణం, అదే ధైర్యం. వందో వంతు చిన్నదని తెలుసు. అలాంటివి ఎన్ని ఉన్నాయన్నది వదిలేశాడు.

ఇంకా తమాషా చూడండి. మొదట తప్పు చెప్పిన అమ్మాయి ఉంది కదా, నలభై ఐదు పెద్దది అన్న అమ్మాయి, ఆ అమ్మాయి ఈ రెండో జతకు 0.45 పెద్దదని సరైన జవాబే చెబుతుంది. కారణం అదే పాతది. అంటే ఏమైంది? మొదటి ప్రశ్న ఒక్కటే పరీక్షలో వస్తే అబ్బాయికి పూర్తి మార్కులు. రెండో ప్రశ్న ఒక్కటే వస్తే అమ్మాయికి పూర్తి మార్కులు. ఇద్దరికీ దశాంశాలు తెలియవు. రెండు జతలూ పక్కపక్కన పెడితేనే ఇద్దరూ బయటపడతారు. ఆస్ట్రేలియాలో కే స్టేసీ, విక్కీ స్టైన్లే అనే గణిత విద్యా పరిశోధకులు ఇలాంటి జతలతోనే పరీక్ష తయారుచేసి, పిల్లల మనసులో ఏ నియమం నడుస్తోందో వేరుచేసి చూపించారు. ఎన్ని తప్పులు చేశారన్నది వాళ్లు చూడలేదు, ఏ రకం తప్పులు చేశారన్నది చూశారు. మనం వాడుకోవలసిన పద్ధతి అది.

డబ్బుతో చెబితే అర్థమవుతుంది కదా అని మీలో కొందరు అనుకుంటున్నారు. నిజమే, తొందరగా తల ఊపుతారు. కానీ డబ్బు రాసేటప్పుడు బిందువు తర్వాత మామూలుగా ఎన్ని అంకెలు ఉంటాయి? రెండు. ఎప్పుడూ రెండే. రెండు వైపులా రెండేసి అంకెలున్నప్పుడు అమ్మాయి నియమమూ పనిచేస్తుంది, అబ్బాయి నియమమూ పనిచేస్తుంది. డబ్బు లెక్క దగ్గర ఈ జబ్బు బయటికి రాదు.

మరి సున్నా చేర్చి పోల్చమంటే? 0.5ను 0.50 అని రాయించి 0.45తో పోల్చమంటే? జవాబు సరిగ్గా వస్తుంది. నాకు మాత్రం ఆ చిట్కా సోమవారం చెప్పడం ఇష్టం లేదు. ఎందుకో చెబుతాను. యాభై, నలభై ఐదు అని పోల్చేటప్పుడు పిల్ల చేస్తున్నది మళ్లీ పూర్ణసంఖ్యల పోలికే. ఏ ఆలోచన తప్పని అనుకున్నామో దానికే మనం బహుమానం ఇస్తున్నాం. పదో వంతు అంటే ఏమిటో తెలిసిన తర్వాత, పదో వంతు ఒకటి పది వందో వంతులతో సమానమని చేత్తో కట్టి చూసిన తర్వాత, అప్పుడు చెప్పండి. అప్పుడు అది చిట్కాలా ఉండదు, తనకు తెలిసిందే మళ్లీ వింటున్నట్టు ఉంటుంది.

ఐరోపాలో దశాంశాలను అందరి వాడుకలోకి తేవాలని 1585లో చిన్న పుస్తకం రాసిన సైమన్ స్టెవిన్ బిందువు పెట్టలేదు, తెలుసా? ఒక్కో అంకె పక్కన అది ఎన్నో స్థానమో చెప్పే చిన్న సంఖ్యను సున్నా చుట్టి రాశాడు. నాలుగు పక్కన ఒకటి, ఐదు పక్కన రెండు, అలా. చూడటానికి గజిబిజి. కానీ ఆ రాతలో నలభై ఐదు అని చదవడానికి వీలే లేదు. ప్రతి అంకె తన స్థానాన్ని తనే మోస్తుంది. నేను మొదటి రెండు రోజులూ ఇలాగే రాయిస్తాను. పిల్లలకు అదొక రహస్య లిపిలా ఉంటుంది, సరదా పడతారు. బిందువు తర్వాత వస్తుంది.

సోమవారం గురించి ఇంకొక్క మాట. ప్రశ్న అడిగాక మనం ఎంతసేపు ఆగుతాం? మీరు ఎంతసేపు ఆగుతారు? అమెరికాలో మేరీ బడ్ రో 1970ల్లో సైన్సు తరగతుల రికార్డింగులు విని కొలిచారు. టీచర్లు సగటున ఒక సెకను ఆగుతున్నారు. ఒక్క సెకను! ఆ లోపల జవాబు రాకపోతే ఇంకొకరిని లేపడమో, ప్రశ్న మార్చడమో, జవాబు తామే చెప్పేయడమో. దాన్ని మూడు సెకన్లు చేస్తే ఏమైంది? జవాబులు పొడుగయ్యాయి. అంతకుముందు నోరు విప్పని పిల్లలు మాట్లాడారు. "తెలియదు" అనేవాళ్లు తగ్గారు. మూడు సెకన్లు చాలా తక్కువ అనిపిస్తుంది కదా? తరగతిలో నిలబడి చూడండి, ఎంత పొడుగో తెలుస్తుంది. ఈ వయసు పిల్లలకు ఇంకో బాధ ఉంది. పదకొండు, పన్నెండేళ్లకు పక్కవాళ్లు ఏమనుకుంటారోనన్న భయం మొదలవుతుంది. చెయ్యి ఎత్తే నలుగురే ఎత్తుతారు. అందుకే చిన్న పలకలు ఇచ్చి అందరినీ రాయమని ఒకేసారి ఎత్తమనండి. మీకు ఒక్క చూపులో గది మొత్తం కనిపిస్తుంది, ఎవరి జవాబు ఎవరిదో పిల్లలకు తెలియదు.

మంగళవారం మీద ఎక్కువసేపు నిలవను. ఒకే ఒక ప్రశ్న చూపించి పోతాను. 8 + 4 = ఖాళీ + 5. ఖాళీలో ఏం రావాలి? మనకు ఏడు. అమెరికాలో 145 మంది ఆరో తరగతి పిల్లలకు ఈ ప్రశ్న ఇస్తే అందరూ పన్నెండు అన్నారు, లేదా పదిహేడు అన్నారు. ఫాల్క్‌నర్, లెవీ, కార్పెంటర్ అనే ముగ్గురు 1999లో దీన్ని ప్రచురించారు. ఏడు అన్నవాళ్లు లేరు. ఎందుకు? ఐదేళ్లపాటు వాళ్లు చూసిన ప్రతి లెక్కలో సమాన గుర్తు తర్వాత జవాబు రాశారు. ఆ గుర్తంటే వాళ్లకు "ఇక జవాబు రాయి" అనే ఆజ్ఞ. రెండు వైపులా ఒకటే ఉండాలన్న సంగతి ఎవరూ అడగలేదు, వాళ్లూ చెప్పలేదు. రేపు బీజగణితం మొదలుపెట్టి సమీకరణం అంటాం. పునాది గుర్తే ఇలా ఉంటే సమీకరణం ఎక్కడ నిలుస్తుంది? మీ తరగతిలో ఈ ఒక్క లెక్క ఇచ్చి చూడండి. ఐదు నిమిషాల పని. 

భాష పీరియడ్‌లో కూడా ఇంతే. పేరా చదివించి, ప్రశ్న అడిగితే పేరాలోని వాక్యాన్నే అప్పజెబుతారు. పుస్తకం మూయించి, రాని స్నేహితుడికి ఫోన్లో చెబుతున్నట్టు చెప్పమనండి. ఎవరికి అర్థమైందో అప్పుడు తెలుస్తుంది.

ఇక బుధవారం. నా దృష్టిలో వారంలో అసలైన రోజు ఇదే, మనం ఎక్కువగా పారేసుకునే రోజు కూడా ఇదే.

బుధవారం లెక్కల పీరియడ్ మొదట్లో పుస్తకాలు మూయించండి. తెల్ల కాగితం ఇవ్వండి. "సోమవారం ఏం నేర్చుకున్నామో గుర్తున్నంత రాయండి. మార్కులు లేవు, నేను తీసుకోను కూడా." పది నిమిషాలు. ఏం జరుగుతుంది? చాలా కాగితాలు సగం ఖాళీ. కొన్ని మొత్తం ఖాళీ. మనకు మనసు చివుక్కుమంటుంది. మొన్ననే కదా అంత బాగా చెప్పాం! అందరూ అర్థమైందన్నారు కదా!

మరి మరిచిపోవడం తప్పా? హెర్మన్ ఎబింగ్‌హాస్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1885లోనే తన మీద తనే ప్రయోగాలు చేసుకుని చూపించాడు. అర్థం లేని అక్షరాల ముక్కలు కంఠస్థం చేసి, ఎంతసేపటికి ఎంత పోతోందో కొలిచాడు. మొదటి కొన్ని గంటల్లోనే చాలా భాగం పోతుంది, తర్వాత పోవడం నెమ్మదిస్తుంది. మన పాఠం అర్థం లేని అక్షరాలు కాదు కాబట్టి అంత వేగంగా పోదు. కానీ పోతుంది. పిల్లల బద్ధకం వల్ల పోతోందని కోప్పడి లాభం లేదు.

లాభం ఎక్కడుందంటే, పోతున్నదాన్ని తవ్వి తీసే ప్రయత్నంలో ఉంది. రోడిగర్, కార్పికే అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో చేసిన ప్రయోగం వినండి. విద్యార్థులకు చిన్న వ్యాసాలు ఇచ్చారు. కొందరు మళ్లీ మళ్లీ చదివారు. కొందరు ఒకసారి చదివి, తర్వాత కాగితం మూసి గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ మళ్లీ చదివినవాళ్లే గెలిచారు. వారం తర్వాత పెడితే? తారుమారైంది. గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లు ముందుకు వచ్చేశారు. ఇక్కడ ఇంకో విషయం కూడా ఉంది. ఎవరికి బాగా గుర్తుంటుందని మీ అంచనా అని ముందే అడిగితే, మళ్లీ మళ్లీ చదివినవాళ్లే ఎక్కువ ధీమాగా ఉన్నారు. అంటే ఆ ధీమాను నమ్మడానికి లేదు. మనం పీరియడ్ చివర అడిగే "అర్థమైందా?" ఆ ధీమానే కొలుస్తోంది.

వాళ్లు కాలేజీ విద్యార్థులు కదా, మన పిల్లల సంగతేమిటి అని మీరు అడగవచ్చు. అడగాలి కూడా. మన పిల్లల వయసువాళ్ల మీదే ఇంకా పాత ప్రయోగం ఉంది. 1939లో హెర్బర్ట్ స్పిట్జర్ అమెరికాలోని అయోవా రాష్ట్రంలో 3,000 మందికి పైగా ఆరో తరగతి పిల్లలతో చేశాడు. చదివించింది వెదురు మొక్కల గురించి, అలాంటి మామూలు వ్యాసాలు. చదివిన రోజే, లేదా మర్నాడే ఒకసారి ప్రశ్నలు ఎదుర్కొన్న పిల్లలు రోజులు గడిచాక కూడా ఎక్కువ నిలుపుకున్నారు. రెండు, మూడు వారాలు ఊరుకుని అప్పుడు అడిగితే ఆ లాభం రాలేదు, అప్పటికే పోవలసింది పోయింది. చూశారా? ప్రశ్న ఎంత బాగుందన్నదే కాదు, ఎప్పుడు అడిగామన్నది కూడా లెక్కలోకి వస్తుంది. మన యూనిట్ టెస్టులు ఎప్పుడు పెడతాం? నెలాఖరుకు. అది కొలవడానికి పనికొస్తుందేమో గానీ నేర్పడానికి పనికిరాదు.

ఇంటిపని సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. "ఈ అభ్యాసంలో లెక్కలన్నీ చేసుకురండి" అంటాం. ఇరవై లెక్కలు, ఇరవైకీ ఒకటే పద్ధతి. మూడో లెక్క నుంచి పిల్ల ఆలోచించడం మానేస్తుంది. ఏ పద్ధతి వాడాలో అభ్యాసం శీర్షికే చెబుతోంది కదా! పరీక్షలో ఆ శీర్షిక ఉండదు. 2015లో డౌగ్ రోరర్ బృందం ఏడో తరగతి పిల్లలతో చేసిన ప్రయోగంలో, కొందరికి ఒకే రకం లెక్కలు వరుసగా, కొందరికి రకరకాలవి కలిపి ఇచ్చారు. మర్నాటి పరీక్షలో కలిపి చేసినవాళ్లకు 80 శాతం, వరుసగా చేసినవాళ్లకు 64 శాతం. నెల తర్వాత? కలిపి చేసినవాళ్లకు 74, వరుసగా చేసినవాళ్లకు 42. ఇరవై ఎందుకు, ఎనిమిది ఇవ్వండి. మూడు ఇవాళ్టివి, మూడు పోయిన వారానివి, రెండు పోయిన నెలవి. పిల్లలు సణుగుతారు, కష్టంగా ఉందంటారు. తల్లిదండ్రులూ అడుగుతారు, ఇవాళ చెప్పినవి కాక వేరేవి ఎందుకిచ్చారని. వాళ్లకు ఓపికగా చెప్పుకోవాలి.

గురువారం సైన్సు. నిజానికి ఇది సోమవారమే మొదలైంది. సోమవారం సైన్సు పీరియడ్‌లో, ముందు రోజు నానబెట్టిన గింజలను రెండు గిన్నెల్లో తడి దూది మీద పరిచారు. ఒక గిన్నె కిటికీలో, ఇంకోటి బీరువాలో. తలుపు వేశారు. అప్పుడే ప్రతి పిల్లా నోటుపుస్తకంలో రాయాలి: శుక్రవారానికి ఏ గిన్నెలోవి పొడుగ్గా ఉంటాయి? ఎందుకు? రాయించడం ముఖ్యం. నోటితో చెప్పిన అంచనాను ఫలితం రాగానే మార్చేస్తారు, "నేనూ అదే అనుకున్నాను టీచర్" అంటారు. పెన్నుతో రాసింది ఎక్కడికి పోతుంది? ఎక్కువమంది కిటికీలోవే పొడుగ్గా ఉంటాయని రాస్తారు. మొక్కకు వెలుతురు కావాలి కదా!

గురువారం కిరణజన్య సంయోగక్రియ. పిల్లలు సమీకరణం ఒప్పజెబుతారు: కార్బన్ డయాక్సైడ్, నీరు, సూర్యకాంతి, పత్రహరితం. తప్పు లేకుండా, గుక్క తిప్పుకోకుండా. అది అయిపోయాక అడగండి: "పెద్ద చెట్టు ఉంది. అంత బరువు దానికి ఎక్కడి నుంచి వచ్చింది?" మట్టిలోంచి అంటారు. ఇప్పుడే కదా సమీకరణం చెప్పింది? అందులో మట్టి ఉందా? లేదు. అయినా మట్టే. సమీకరణం పరీక్ష కోసం ఒక అరలో ఉంది, చెట్టు మట్టిని తింటుందన్న నమ్మకం ఇంకో అరలో ఉంది. రెండూ ఒకదానికొకటి ఎదురుపడలేదు. ఎదురుపడేలా చేయడమే గురువారం పని.

వాన్ హెల్మాంట్ అనే పాతకాలపు ఐరోపా శాస్త్రవేత్త కథ చెప్పండి. ఆయన 1644లో చనిపోయాడు, ఈ ప్రయోగం 1648లో అచ్చయింది. 200 పౌన్ల ఎండు మట్టిని తూచి కుండీలో పోశాడు, అంటే సుమారు 90 కిలోలు. అందులో 5 పౌన్ల విల్లో మొక్క నాటాడు. ఐదేళ్లు నీళ్లు పోశాడు, అంతే. ఐదేళ్ల తర్వాత చెట్టు 169 పౌన్లు దాటింది. మట్టిని మళ్లీ ఎండబెట్టి తూచాడు. ఇక్కడ కథ ఆపండి. మట్టి ఎంత తగ్గి ఉంటుందో పలకల మీద రాయమనండి. వంద పౌన్లు, నూట అరవై పౌన్లు అని రాస్తారు. తగ్గింది రెండు ఔన్సులు. దాదాపు 60 గ్రాములు! గదిలో గోల మొదలవుతుంది, మొదలవనివ్వండి.

మరి ఎక్కడిది ఆ బరువు? నీళ్లదే అని వాన్ హెల్మాంట్ తేల్చాడు. సగం ఒప్పు. కర్ర కాలితే వచ్చే వాయువు, అంటే మన సమీకరణంలోని కార్బన్ డయాక్సైడ్, మామూలు గాలి కాదని, వేరేదని గుర్తించినవాడు కూడా ఆయనే. అయినా తన చెట్టు ఆ వాయువుతోనే ఒళ్లు కట్టుకుందని ఆయనకు తట్టలేదు. నాకు ఈ కథ అందుకే ఇష్టం. అంత పెద్ద మనిషి రెండు విషయాలు పక్కపక్కన పెట్టుకుని కలపలేకపోయాడు. మన ఆరో తరగతి పిల్లలను నిన్న చెప్పింది ఇవాళ ఎందుకు కలపలేదని తిట్టే ముందు కాస్త ఆలోచించాలి మరి.

శుక్రవారం బీరువా తెరుస్తారు. ఎవరివి పొడుగ్గా ఉన్నాయి? బీరువాలోవి. సన్నగా, పాలిపోయి, పసుపుపచ్చగా, కానీ పొడుగ్గా. పిల్లలు మొహమొహాలు చూసుకుంటారు. వెలుతురు లేకపోతే ఎలా పెరిగాయి? పెరిగాయా, సాగాయా? గింజలో దాచుకున్నదంతా ఖర్చుపెట్టి వెలుతురు వెతుక్కుంటూ సాగాయి. ఆ చీకటి మొలకలను ఎండబెట్టి తూస్తే, మొదట్లో ఉన్న ఎండు గింజ బరువు కన్నా తక్కువే ఉంటుంది. పొడుగైంది గానీ తరిగిపోయింది. గురువారం బరువు ప్రశ్నకు ఇది ఇంకో వైపు నుంచి జవాబు.

అయితే నేను శుక్రవారం దాకా మిమ్మల్ని తీసుకొచ్చింది మొలకల కోసం కాదు. జట్లుగా కూర్చుని చీకటి మొలకలను స్కేలుతో కొలిచి సగటు కడతారు కదా. ఒక జట్టుకు 4.35 సెంటీమీటర్లు వచ్చింది. పక్క జట్టుకు 4.5 వచ్చింది. ఏ జట్టువి పొడుగు? వాదన మొదలైంది. "మావే! నాలుగు పాయింటు ముప్ఫై ఐదు!" ఎవరు అంటున్నారు? సోమవారం తప్పు చెప్పి, దిద్దుకుని, బుధవారం తెల్ల కాగితం మీద సరిగ్గా రాసిన అమ్మాయే. లెక్కల పీరియడ్‌లో వచ్చింది, సైన్సు పీరియడ్‌లో రాలేదు. ఇప్పుడు చెప్పండి, ఆ అమ్మాయికి దశాంశాలు వచ్చినట్టా, రానట్టా? లెక్కల టీచర్ వచ్చినట్టని టిక్కు పెట్టారు. సైన్సు టీచర్ మొలకల గురించి ఆలోచిస్తున్నారు, ఇది ఆయన పాఠం కాదు, "అది కాదమ్మా, 4.5 పెద్దది" అని ముందుకు వెళ్లిపోయారు. ఆ వారంలో ఆ అమ్మాయి గురించి తెలియాల్సిన అతి ముఖ్యమైన విషయం ఆ క్షణంలో బయటపడింది. విన్నవారికి అది తన సబ్జెక్టు కాదు, తన సబ్జెక్టు అయినవారు అక్కడ లేరు.

అలాంటప్పుడు స్కేలు చేతికివ్వండి. "4.35 ఎక్కడుందో చూపించు. 4.5 ఎక్కడుందో చూపించు." అంతే, ఉపన్యాసం అక్కర్లేదు. స్కేలు మీద 4.3కూ 4.4కూ మధ్య వేలు పెట్టగానే వాదన దానంతటదే ఆగుతుంది.

శుక్రవారం నోటుపుస్తకాలు కూడా దిద్దుతాం. మార్కులు వేస్తాం, పక్కన "ఇంకా శ్రద్ధ పెట్టాలి" అని రాస్తాం. రూత్ బట్లర్ 1988లో ఇజ్రాయెల్‌లో మన పిల్లల వయసువాళ్లతోనే ఒక ప్రయోగం చేశారు. కొందరికి మార్కులు మాత్రమే, కొందరికి రాతపూర్వక సూచనలు మాత్రమే, కొందరికి రెండూ ఇచ్చారు. తర్వాతి పనిలో మెరుగుపడింది ఎవరు? సూచనలు మాత్రమే అందుకున్నవాళ్లు. రెండూ అందుకున్నవాళ్లు మార్కులు మాత్రమే అందుకున్నవాళ్లలాగే ఉండిపోయారు. మార్కు కనబడగానే పక్కనున్న మాట చదవరన్నమాట. మనం కష్టపడి రాసింది వృథా.

నలభై నోటుపుస్తకాలకు నలభై సూచనలు ఎవరు రాస్తారండీ అని మీ ముఖాల్లో కనిపిస్తోంది. రాయవద్దు. సోమవారం చూశాం కదా, నలభై మంది నలభై రకాలుగా తప్పు చేయరు. మూడు కుప్పలు పెట్టండి. బిందువు తర్వాత పూర్ణసంఖ్యలా చదివేవాళ్లు ఒక కుప్ప, పొట్టిదే పెద్దదనేవాళ్లు ఒక కుప్ప, వచ్చినవాళ్లు ఒక కుప్ప. కుప్పకో ప్రశ్న. మొదటి కుప్పకు "0.45నూ 0.5నూ సంఖ్యారేఖ మీద గుర్తించు." రెండో కుప్పకు "0.3లో ఎన్ని వందో వంతులున్నాయి?" మూడో కుప్పకు "0.45కూ 0.46కూ మధ్య ఒక సంఖ్య రాయి." ఈ మూడో ప్రశ్న చూసి బాగా వచ్చినవాళ్లు కూడా తల గోక్కుంటారు, చూడండి.

సిలబస్ ఎప్పుడు పూర్తవుతుంది అనే ప్రశ్న ఎలాగూ వస్తుంది, నేనే ముందు తీసుకుంటాను. వారానికి మూడుసార్లు పది నిమిషాలు పోతాయి, నిజమే. కానీ వార్షిక పరీక్షల ముందు మొత్తం మళ్లీ మొదటి నుంచి చెప్పే రోజులు ఎన్ని ఉంటాయో మీరే లెక్కేసుకోండి. నా మటుకు నేను పాఠాల సంఖ్య కొంచెం తగ్గినా బాధపడను. మీ పైఅధికారి బాధపడితే, నలభై పలకలు ఒకేసారి లేచే పీరియడ్‌కు ఆయన్ని రమ్మనండి. ఫైలు చూపించడం కన్నా అది నయం.

ఇక చేయగలిగిన పని ఒకటి చెప్పి ఆపేస్తాను. స్టాఫ్ రూంలో ఒక్కో తరగతికి ఒక్కో నోటుపుస్తకం పెట్టండి. వారానికి ఒక పేజీ. ఆ తరగతికి వెళ్లే టీచర్లందరూ తమ పీరియడ్‌లో విన్న ఒక్క వింత జవాబు అందులో రాయాలి. పిల్ల పేరు వద్దు, తిట్లు వద్దు, జవాబు మాత్రమే. మొదటి వారం ఎవరూ ఏమీ రాయరు, అది కూడా ముందే చెప్పేస్తున్నాను. రెండో వారం లెక్కల టీచర్ ఒక వాక్యం రాస్తారు: "0.5 కన్నా 0.45 పెద్దదంటున్నారు." దాన్ని చదివిన సైన్సు టీచర్ శుక్రవారం మొలకలు కొలిపించేటప్పుడు చెవి అటు వేసి ఉంచుతారు. సాంఘిక శాస్త్రం టీచర్ పటం స్కేలు చెప్పేటప్పుడు 2.5 సెంటీమీటర్ల దూరాన్నీ 2.35 సెంటీమీటర్ల దూరాన్నీ కావాలని పక్కపక్కన ఇస్తారు. ఖర్చు ఒక నోటుపుస్తకం.

ఆ పుస్తకం ఎవరి బాధ్యత అని ఎవరో అడిగారు, సరిగ్గానే అడిగారు. క్లాస్ టీచర్‌కు అప్పగించకండి, ఆవిడ మీద ఇప్పటికే చాలా ఉంది. వారానికొకరు వంతులు వేసుకోండి. ఇప్పుడు మిగతా ప్రశ్నలు అడగండి, అటు కిటికీ వైపు నుంచి మొదలుపెడదాం.